నాట్ల ముఠాకు నేను చెప్పిన అబద్ధం

కలరా సూది వేసిన చెయ్యి రెండు రోజులదాకా లేవదు. ఆ రోజుల్లో మరీను. పెద్ద గాజు సిరంజి, మొద్దుబారిన సూది, ఒకరికి పొడిచి దీపం మీద కాల్చి ఇంకొకరికి పొడవడం. వేయించుకున్న పూటే ఒళ్ళు కాలిపోయేది, దండచెయ్యి వాచి చంకలో బిళ్ళ కట్టేది. ఆఫీసు ఉద్యోగులైతే సెలవు చీటీ రాసి పడుకుంటారు. వంగి నాటు వేసే ఆడమనిషికి చెయ్యి లేవకపోతే వరసలో ఆమె చోటు ఇంకొకరిది అయిపోతుంది. కాబట్టి నన్ను చూస్తే చాలు, పేటలో ఆడవాళ్ళంతా తలుపులు వేసుకునేవారు.

డెబ్బైల మొదట్లో మాట. నర్సు ట్రైనింగు పూర్తిచేసి, బందరు కాలువ పొడుగునా ఉన్న అయిదు ఊళ్ళకు నేనొక్కదాన్నే నర్సుగా చేరాను. ఇరవై రెండేళ్ళ వయసు, తెల్లచీర, భుజాన సంచీ, ముక్కుమీద కోపం. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ కలరా ఎక్కడో సముద్రాల అవతల దీవుల్లో బయలుదేరి పదేళ్ళుగా దేశాలు పట్టుకు తిరుగుతోందని ట్రైనింగులో చెప్పారు. పాఠం వింటున్నప్పుడు అది ఓడలెక్కి తిరిగే జబ్బనుకున్నాను. మా డెల్టాలో అది తొలకరి పంట, సార్వా నాట్లతో పాటు చేలోకి దిగింది.

కాలువలు వదిలినప్పుడు వచ్చే మొదటి నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉంటాయి. వేసవంతా గట్ల మీద పేరుకున్న మురికంతా వాటిలోనే కలుస్తుంది. అవే చేలకు, అవే గేదెలకు, అవే కూలివాళ్ళ గొంతుల్లోకి. ఊళ్ళో మంచినీళ్ళ బావి లేక కాదు. దాని గిలక ముట్టుకునే హక్కు మా పేటవాళ్ళకు లేదు. ఎవరైనా తోడి పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. నాట్ల రోజుల్లో అలా నిలబడి పోసే తీరిక ఎవరికుంటుంది? అందుకని మావాళ్ళు కాలువ నీళ్ళే ముంచుకుని, కుండ లోపల ఇండుపగింజ అరగదీసేవాళ్ళు. కాసేపటికి మట్టంతా అడుక్కి దిగి నీళ్ళు తేటపడేవి. తేటగా ఉన్నాయి కాబట్టి మంచివే అన్నది వాళ్ళ లెక్క. తేటనీళ్ళలోనూ కలరా ఉంటుందని చెప్పి చెప్పి నా నోరు నొప్పిపుట్టింది.

మావాళ్ళు అంటున్నాను, నిజంగా మావాళ్ళే. మా అమ్మ పోయాక నన్ను పెంచి, మిషన్ హాస్టల్లో చేర్పించి చదివించింది మా పెద్దమ్మ. ఆమె పద్నాలుగుమంది ఆడవాళ్ళున్న నాట్ల ముఠాకు మేస్త్రి. ఎకరాల లెక్కన పని గుత్తకు మాట్లాడేది ఆమె, ఏ చేలో ముందు దిగాలో చెప్పేది ఆమె, పొద్దున గట్టు మీద అందరినీ నిలబెట్టి ప్రార్థన చేయించేదీ ఆమే. ముఠాలో ఏ సంగతికైనా మాట ఒకటే. పద్నాలుగుమందీ చేస్తే చేసినట్టు, లేదంటే ఒక్కరూ చెయ్యరు.

ముందు నీళ్ళు కాచుకోవడానికి ఒప్పించాను. తిట్టాను, బతిమాలాను, అలిగి అన్నం మానేశాను. చివరికి పెద్దమ్మ కోడలు, అంటే మా వదిన, పొద్దున్నే పెద్ద బిందెడు నీళ్ళు కాచి చేలోకి మోసుకుపోవడం మొదలుపెట్టింది. వానలకు పుల్లలు తడిసి పొయ్యి మండేది కాదు. కాచిన నీళ్ళు చప్పిడి కూడులా ఉన్నాయని అందరూ సణిగేవారు. అయినా రెండు వారాలు అలాగే తాగారు. నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో.

అంతలో సూదుల మందు వచ్చింది. నెలాఖరుకు ఇన్ని సూదులు వేశామని రాసి చూపించాలి. నేను వేసినవి అందులో సగం కూడా లేవు. ఇలాగైతే ఇంటికి పోవాల్సి వస్తుందని పై అధికారి అందరి ముందూ అన్నాడు. ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక ముఠా అంతా పెద్దమ్మ వాకిట్లో ఉన్నప్పుడు వెళ్ళి సంచీ తెరిచాను.

పెద్దమ్మ నన్నూ, సిరంజినీ మార్చి మార్చి చూసింది.

“ఇదిగో అమ్మాయ్, నీళ్ళు కాచుకోమన్నావు, కాచుకుంటన్నాం. ఇప్పుడు సూదంటన్నావు. రెండూ అంటే మావల్ల కాదు. సూదో, నీళ్ళో, ఏదో ఒకటి తేల్చు.”

గుత్త మాట్లాడేటప్పుడు పొలాల ఆసాములతో ఆమె మాట్లాడే తీరు అదే. నాట్లకైతే నారు మీరు పీకించండి, కట్టలు మోయమంటే రేటు వేరు అంటుంది. కలరాతో కూడా అలాగే బేరం పెట్టింది. సూది వేయించుకున్నా నీళ్ళు కాచుకోవాల్సిందేనని, సూది కొందరికి పనిచేస్తే కొందరికి చెయ్యదని నాకు తెలుసు. పరీక్షలో అదే ప్రశ్నకు జవాబు రాసి పాసయ్యాను.

“సూది వేయించుకోండి పెద్దమ్మా. ఇంక మీకేం కాదు,” అన్నాను.

“బిందె మొయ్యక్కర్లా?”

“అక్కర్లేదు.”

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగా అతికింది. పెద్దమ్మే ముందుకొచ్చి రవిక చెయ్యి పైకి మడిచింది. ఎడమచెయ్యి నారు కట్ట పట్టుకునేది, కుడిచెయ్యి నాటేది. “కట్ట పట్టే చేతికే పొడు,” అంది. ఆమె వెనక పదముగ్గురూ నిలబడ్డారు. పుస్తకంలో పద్నాలుగు పేర్లు ఒకేసారి రాసుకుని, హాయిగా వెళ్ళి నిద్రపోయాను. మర్నాటి నుంచి వదిన బిందె చేలోకి వెళ్ళలేదు.

తొమ్మిదో రోజు పొద్దున పదింటికి పక్క ఊరికి పోతూ ఆ చేను గట్టు మీదుగా వెళ్ళాను. ముఠా నాటు వేస్తోంది. నాట్ల వరసకు రెండు కొనలు ఉంటాయి. కొనల్లో గట్టివాళ్ళు నిలబడతారు. వాళ్ళ వేగాన్ని బట్టే నడిమివాళ్ళు వంగి నాటుతూ వెనక్కి నడుస్తారు. కుడి కొన ఎప్పుడూ పెద్దమ్మదే. ఆ రోజు అక్కడ వదిన ఉంది. లెక్కపెట్టాను, పదముగ్గురే. పైగా ఎవరూ పాడటం లేదు. ఎప్పుడూ నన్ను చూడగానే ఏదో ఒక ఎకసెక్కం ఆడేవాళ్ళు ఆ రోజు తల ఎత్తలేదు.

“పెద్దమ్మేది?”

“ఇప్పుడే బయటికెళ్ళింది,” అంది వదిన, నా మొహం చూడకుండా.

“ఎన్నోసారి?”

వదిన వంగి ఇంకో మొక్క నాటింది. పదముగ్గురు ఆడవాళ్ళు ఒకేసారి నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి తెలిసింది. సంచీ గట్టున పడేసి కాలువ వైపు పరిగెత్తాను.

గట్టు అవతల తుమ్మచెట్టు కింద గోనెసంచి మీద పడుకుని ఉంది పెద్దమ్మ. కళ్ళు లోపలికి పోయాయి. ముందురోజు సాయంత్రం నన్ను గట్టిగా కేకేసి పిలిచిన మనిషి, ఇప్పుడు గొంతు పెగలక గుసగుసగా, “నువ్వెందుకొచ్చావే,” అంది. చీర తడిసి ఉంది. నేల మీద బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. వాసన చూసి గుర్తుపట్టాల్సిన పని కూడా లేదు.

కలరాలో ఒంట్లో నీరంతా పోతే వేళ్ళు ముడతలు పడతాయి, ముందు చేతులు చూడండి అని మాకు నేర్పారు. చేతులు చూశాను. నాట్లు వేసేవాళ్ళ చేతులు నీళ్ళలో నాని నెల రోజులూ ముడతలు పడే ఉంటాయి. అవి చూసి ఏం తెలుస్తుంది? పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలాను. లేచిన మడత లేచినట్టే ఉండిపోయింది. నాడి వెతికితే ఒకసారి దొరికి ఒకసారి జారిపోతోంది. పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోయాయి. తెల్లారుజాము నుంచీ విరేచనాలు అవుతున్నా వంగి పనిచేసిందట. పిక్కల నొప్పి వంగినందువల్లే అనుకుందట.

ఆమె పక్కన ఒక్క చెంబు కూడా లేదు.

“నీళ్ళేవి? ఎవరూ నీళ్ళివ్వలేదా?” అని అరిచాను. అప్పటికి వదిన, ఇంకో నలుగురూ బురదకాళ్ళతో వచ్చి నిలబడ్డారు.

“నీళ్ళిస్తే ఆ నీళ్ళన్నీ మళ్ళీ పోతయ్యి. కడుపు ఎండబెడితే కట్టుద్ది,” అంది వదిన.

దాహం దాహం అని పెద్దమ్మ అడిగిందట. ప్రేమ కొద్దీ ఇవ్వలేదట. ఆమె తల నిమురుతూ, తడిగుడ్డతో పెదాలు అద్దుతూ, దూరాన గట్టు మీద నేను కనబడేదాకా వంతులు వేసుకుని కూర్చున్నారట. సంగతి దాచింది కూడా ప్రేమ కొద్దే. కలరా అని బయటికి పొక్కితే ఆ ఏడు ఏ ఆసామీ ఆ ముఠాను చేలోకి రానివ్వడు. నాకు తెలిస్తే పైకి రాయాలి కాబట్టి నా దగ్గరా దాచారు. పెద్దమ్మ వాటా నాటును పదముగ్గురూ పంచుకుని వేసేస్తున్నారు.

గట్టు మీద వరసగా కొబ్బరిచెట్లున్నాయి. “బొండాలు దింపించండి. గంటకు ఇన్నని తాగించాలి. పోయినదంతా తిరిగి పొయ్యకపోతే మధ్యాహ్నం దాటదు,” అన్నాను.

వదిన నా మణికట్టు పట్టుకుంది. బురద చెయ్యి, ఇనపకడియంలా పట్టింది.

“సూది పొడిపించుకుంటే ఏం కాదన్నావు. పొడిపించుకున్నాం. బిందె వద్దన్నావు, మానేశాం. ఇప్పుడు పోతన్న మనిషికి నీళ్ళు పొయ్యమంటన్నావు. నీ మాట ఇని మా అత్తను సంపుకోమంటావా?”

నాకు కోపం రావాలి. నా కోపం సంగతి అందరికీ తెలిసిందే. కానీ ఆ క్షణాన రాలేదు, వట్టి భయమే ఉంది. నిజం చెబుతున్నప్పుడు నమ్మే మనిషి లేకుండా నేనే చేసుకున్నాను. పెద్దమ్మ మళ్ళీ వాంతి చేసుకుంది. వచ్చింది నీళ్ళే.

“సూది సంగతి అబద్ధం చెప్పాను వదినా,” అన్నాను. “సూది వేసినా నీళ్ళు కాచుకోవాలని నాకు తెలుసు. పుస్తకంలో పేర్లు రాసుకోడానికి అలా చెప్పాను. ఉద్యోగం పోతుందని చెప్పాను. తప్పు నాదే. తరవాత నన్ను ఏమైనా చెయ్యండి. ఇది మాత్రం అబద్ధం కాదు, నీళ్ళు పొయ్యండి.”

అయిదుగురూ నన్ను చూశారు. నన్ను ఎత్తుకుని తిప్పిన మనుషులు వాళ్ళు. నేను ఉద్యోగంలో చేరినరోజు పేటంతా బెల్లం పంచిన మనుషులు. వాళ్ళ కళ్ళలోకి చూడలేక పెద్దమ్మ పాదాల వైపు చూశాను. వదిన నా చెయ్యి వదిలేసింది.

“ఒక అబద్ధం ఒప్పుకున్నదానివి, ఆ నోటితోనే వెంటనే ఇంకోటి చెప్పవులే,” అంది.

అప్పుడే ఆసామి వచ్చాడు, పని ఎందుకు ఆగిందో చూద్దామని. “ఏంటమ్మా నర్సమ్మా, ఏంటీ గుంపు?”

“కలరా అండీ.”

నాలుగడుగులు వెనక్కి వేసి ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. “నా చేలోనా? నారంతా పీకించి కట్టలు పడేయించాను. ఈ పూట పడకపోతే వడిలిపోద్దే!”

“ముందు నాలుగు గెలలు దింపించండి. లేకపోతే మీ గట్టు మీదే ప్రాణం పోతుంది. అప్పుడు ఈ చేలో ఎవరు దిగుతారో చూద్దురుగాని,” అన్నాను. పోయిన కోపం సమయానికి తిరిగొచ్చింది.

ఆయన చెడ్డవాడేమీ కాదు, భయపడ్డవాడు. నారు మోసే మనిషిని చెట్టెక్కించాడు. కొడవలితో బొండం చెక్కి, చద్దిమూటలో ఉన్న ఉప్పు చిటికెడు వేసి, వదిన పెద్దమ్మ తల ఒళ్ళో పెట్టుకుని కొంచెం కొంచెంగా పోసింది. మొదటిది అలాగే కక్కేసింది. వదిన నా వైపు చూసింది. “మళ్ళీ పొయ్యి,” అన్నాను. రెండోది సగం నిలిచింది. పట్నం ఆసుపత్రికి పోవడానికి బండి కట్టించమన్నాను. తతిమ్మా ఆడవాళ్ళు కన్నీళ్ళు తుడుచుకుంటూనే చేలోకి దిగారు. పీకిన నారు ఆగదు, మాట్లాడుకున్న గుత్త ఆగదు. అంతమాత్రాన వాళ్ళకు ప్రేమ లేదనుకుంటే పొరపాటు.

ఎడ్లబండి మీద బందరు రోడ్డుకు చేరేసరికి పన్నెండు దాటింది. బస్సు ఆగింది. కండక్టరు పెద్దమ్మ చీర చూసి, ఏమీ మాట్లాడకుండా బెల్లు కొట్టాడు. రెండో బస్సు ఆగనే లేదు. నేను రోడ్డు మధ్యలోకి వెళ్ళి చేతులు చాపి నిలబడ్డాను. ఇసుక దింపి వస్తున్న ఖాళీ లారీ ఒకటి కీచుమంటూ ఆగింది. కలరా అని చెప్పాను. డ్రైవరు ఒక్క నిమిషం స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ ఆలోచించి, “ఎనకాల ఎక్కండి,” అన్నాడు.

లారీ తొట్టిలో మేం ముగ్గురం, ఒక గెల. గుంత వచ్చినప్పుడల్లా బొండం నీళ్ళు పెద్దమ్మ మెడ మీద ఒలికిపోయేవి. నా వేళ్ళు ఆమె మణికట్టు వదల్లేదు. పట్నం మొదట్లో ఉన్న పటమట దాకా నాడి సన్నగా, దారంలా ఆడుతూ వచ్చింది. పటమట సెంటరులో రిక్షాలు అడ్డం వచ్చి లారీ ఆగినప్పుడు నాడి అందలేదు. చెయ్యి మార్చి చూశాను, లేదు. మెడ దగ్గర పట్టుకుంటే ఏదో కొంచెం తగిలినట్టనిపించింది. అది నా వేలిలో కొట్టుకునే నాడో ఆమెదో తెలియలేదు. వదినకు చెప్పలేదు. “పొయ్యి, ఇంకా పొయ్యి,” అంటూనే ఉన్నాను. ప్రభువా ప్రభువా అంటున్నది వదినో నేనో కూడా గుర్తులేదు.

ఆసుపత్రిలో కలరా వార్డు నిండిపోయి ఉంది. నడుమ బెజ్జం ఉన్న మంచాలు, కింద బకెట్లు, అంతటా బ్లీచింగ్ పౌడరు వాసన. డాక్టరు గారు చెయ్యి తిప్పి నరం కోసం చూశారు. నరాలన్నీ అణిగిపోయాయి. చీలమండ దగ్గర బ్లేడుతో కోసి, నరం పైకి తీసి, సూది ఎక్కించారు. పెద్దమ్మ ఉలిక్కి కూడా పడలేదు. స్టాండు లేదు, సెలైన్ సీసా నన్నే ఎత్తి పట్టుకోమన్నారు. ఒక సీసా ధారగా దిగిపోయింది. రెండోది. నా చేతులు మొద్దుబారాయి, దించితే ఆగిపోతుందని దించలేదు. మూడోది సగంలో ఉండగా, కిటికీలోంచి సాయంకాలపు ఎండ మంచం మీద పడుతుండగా, పెద్దమ్మ కళ్ళు తెరిచి వదిన వైపు చూసింది.

“కుడి కొన ఎవురు పట్టారే?” అంది. గొంతు తిరిగొచ్చింది.

వదిన ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు, సీసా ఇంకో చేతికి మార్చుకున్నాను. బతికింది, ఇంక నాకేమైనా ఫరవాలేదు అనుకున్నాను. ఆ నిమిషంలో నిజంగానే అలా అనుకున్నాను.

ఆరింటికి డాక్టరు గారు కేసుషీటు రాసుకోవడానికి వచ్చారు. మధ్యాహ్నం నుంచీ ఆయన కూర్చోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“సూది వేయించుకున్నావా?”

“ఏయించుకున్నానండి.”

“ఏ నీళ్ళు తాగావు?”

“కాలవ నీళ్ళండి.”

“కాచుకోమని మీ నర్సు చెప్పలేదూ?”

వదిన తల ఎత్తింది. పెద్దమ్మ నా వైపు చూడలేదు. చూస్తే నేను దొరికిపోతానని ఆమెకు తెలుసు.

“సెప్పకేమండి. రోజూ పోరింది ఈ పిల్ల, మా ఇంటి పిల్లేనండి. సూది ఏసినా కాచుకోమనే సెప్పింది. నేనే బద్ధకించానండి. ముఠా అందర్నీ నేనే సెడగొట్టాను.”

డాక్టరు గారు కలం జేబులో పెట్టుకుని, వార్డంతా వినబడేలా తిట్టారు. మీకు ఎంత చెప్పినా బుర్రకెక్కదు, మురుగునీళ్ళు తాగి మా ప్రాణాలు తీస్తారు, చదువుకున్న పిల్ల ఇంట్లోనే ఉండి మొత్తుకుంటున్నా లెక్కలేదు అని. పద్నాలుగుమందిని ఆడించే మా పెద్దమ్మ, అయినదానికీ కానిదానికీ ఊరంతా వినేలా దెబ్బలాడే మా పెద్దమ్మ, “తప్పేనండి, తప్పేనండి,” అంటూ తల ఊపింది. చీలమండ దగ్గర కట్టులోంచి రక్తం ఊరుతోంది.

ఆయన నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. “నీ డ్యూటీ నువ్వు చేశావమ్మా. అలాగే చెప్పావుగా?”

తుమ్మచెట్టు కింద అయిదుగురి ముందు ఒప్పుకున్న మాట నా నోట్లోనే ఉంది. సీసా ఇంకా నా చేతిలోనే ఉంది.

“అవునండీ,” అన్నాను.

మంచానికి అవతలున్న వదిన వంగి, నిండిన బకెట్టు తీసుకుని, నా పక్కనుంచే బయటికి నడిచింది.